కుడి మోచెయ్యి

బంతి గాల్లోకి లేచినప్పుడు గ్రౌండులో ఉన్నవాళ్లంతా తలలెత్తి దాన్నే చూశారు. ఖాసిం మాత్రం జమీర్ కుడి మోచేతిని చూస్తూ నిలబడిపోయాడు. చూసినందుకు తన కళ్లను తనే తిట్టుకున్నాడు కూడా. ఆ మోచెయ్యి ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే ఉంది మరి. స్టిక్ వెనక్కి వెళ్లేటప్పుడు మడిచి నేల వైపుకు ఉంది, కిందికి దిగేటప్పుడు డొక్కకు రాసుకుంటూ వచ్చింది, బంతికి దెబ్బ తగిలాక గానీ చెయ్యి చాచుకోలేదు. ఇంతే సంగతి. ఈ ఇంతే సంగతి ఒంటికి పట్టడానికి ఖాసింకి ఆరేళ్లు పట్టింది. ఈ లారీల కమాన్ షాపువాడు వచ్చి మూడో బంతికే కొట్టిపారేశాడు!

మాచర్ల అవతల సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ల గోల్ఫ్ గ్రౌండు అది. గ్రౌండంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. రాయి తవ్వి వదిలేసిన గుంటను పూడ్చి, మట్టి పోసి, గడ్డి పెంచి, యాభై గజాలకొక బోర్డు పాతి, చివర వల కట్టారు. సాయంత్రం అయ్యేసరికి ఆఫీసర్లు వచ్చి వరసగా నిలబడి బంతులు కొట్టుకుంటారు. గడ్డి కోసేదీ, నీళ్లు పెట్టేదీ, ఆ బంతులు ఏరేదీ ఖాసిమే. పదకొండేళ్లుగా అదే పని.

జమీర్ ఆ రోజు వచ్చింది ఆడడానికి కాదు. గడ్డి కోసే మిషను పట్టీ విరిగితే దాన్ని షాపులో అతికించి తెచ్చాడు. క్లబ్బు వ్యవహారాలు చూసే రవి కుమార్ సారు సరదా మనిషి. జమీర్ భుజాలు చూసి, "ఏమయ్యా, నువ్వూ ఒక దెబ్బ కొట్టి చూస్తావా?" అని తన పొడుగు స్టిక్ చేతికిచ్చాడు. మొదటి రెండుసార్లు గడ్డి లేచింది గానీ బంతి లేవలేదు. అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా ఖాసిం నవ్వాడు. మూడోసారి బంతి రెండువందల బోర్డు దాటి, చివరి వల మీదుగా వెళ్లి, వెనక క్వారీ గుంట నీళ్లలో పడింది. అంత దూరం ఆ గ్రౌండులో సారు కూడా ఏనాడూ కొట్టలేదు.

"ఎవరయ్యా నీకు నేర్పింది?" అన్నాడు సారు నోరు తెరిచి.

"మా ఉస్తాద్ సార్, కరీముల్లా గారు. లారీ పిన్ను ఇరుక్కుంటే సమ్మెటతో పక్కనుంచి కొడతాం గదా, అట్టాగే కొట్టా. ఇదేంది సార్, చీపురుపుల్లంత బరువు గూడా లేదు!"

ఉస్తాద్ కరీముల్లా అంటే ఎవరో కాదు, ఖాసిం కన్నతండ్రి. ఆ మాటతో ఖాసిం కడుపులో భగ్గుమంది.

మంట ఈనాటిది కాదు లెండి. బైపాసు మీద కరీముల్లా కమాన్ షాపు తెలియని లారీ డ్రైవరు ఆ చుట్టుపక్కల లేడు. నాపరాళ్ల లోడుతో గుంటల్లో పడి లేచే బండ్లకు, బరువు మోసే కమాన్ పట్టీలు విరుగుతాయి, వాటిని బిగించే పిన్నులు తుప్పుపట్టి ఇరుక్కుంటాయి. ఆ పిన్ను ఊడగొట్టడం ఇద్దరి పని. ఉస్తాద్ బండి కింద గొంతుక్కూర్చుని, ఇనప కడ్డీ ఒకటి పిన్నుకు ఆనించి ఎడమచేత్తో పట్టుకుంటాడు. కుడిచేతి సుత్తితో కడ్డీ తల మీద ఒక్కసారి టక్‌మని తట్టి సుత్తి పక్కకు తీస్తాడు. సమ్మెట పట్టినవాడు ఇక అడగకూడదు, ఆలోచించకూడదు. సుత్తి ఎక్కడ తట్టిందో అక్కడ పడాలి దెబ్బ. కడ్డీ తలకూ ఉస్తాద్ వేళ్లకూ మధ్య జానెడు ఉంటే ఎక్కువ. అందుకే ఆ షాపులో సమ్మెట ఎవడికి పడితే వాడికి ఇవ్వరు.

పందొమ్మిదేళ్ల వయసులో ఖాసిం ఆ సమ్మెట పట్టాడు. ఉస్తాద్ కొడుకు, ఇంకెవరు పట్టాలి? కానీ ఎంత చెప్పినా కుడి మోచెయ్యి డొక్కను వదిలేసి పైకి లేచిపోయేది. చెయ్యి ముందు వచ్చేది, నడుము వెనక వచ్చేది, దెబ్బ అడ్డంగా పడేది. "రెక్క లేపబాకరా, రెక్క!" అని కరీముల్లా అరిచేవాడు. ఏడాది అరిచాడు. చివరికి ఒక రోజు నలుగురు డ్రైవర్ల ముందు సమ్మెట లాక్కుని, "నీకిది అచ్చిరాదులే. నా వేళ్లు నాకు కావాల. ఇంకేదన్నా పని చూసుకోపో," అనేశాడు. ఆ తర్వాతి వారమే గురజాల నుంచి పని వెతుక్కుంటూ జమీర్ వచ్చాడు. ఖాసిం ఈడువాడే, మహా అయితే ఏడాది చిన్న. అదే సమ్మెట వాడి చేతికి వెళ్లింది.

అప్పటి నుంచి పదిహేనేళ్లుగా ఇంట్లో ఒకటే పాట. "జమీర్ కొడతన్నాడంటే నేను కళ్లు మూసుకుని కడ్డీ పట్టుకుంటారా," అంటాడు కరీముల్లా అన్నం ముందు కూర్చుని. ఖాసిం తల వంచుకుని ముద్ద మింగుతాడు. మింగడం అలవాటైంది గానీ అరగడం ఏనాడూ అలవాటు కాలేదు.

నాలుగేళ్లు అక్కడా ఇక్కడా తిరిగి ఈ గ్రౌండులో చేరాక ఖాసింకి ఒక సంగతి కంటపడింది. ఆఫీసర్లకు నేర్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన కోచ్ ఒకాయన, బాగా కొట్టడమంటే ఏమిటో చెబుతూ, కుడి మోచెయ్యి డొక్క దగ్గరే ఉండాలన్నాడు. ముందు కాలు, ఆపైన నడుము, అన్నిటికంటే చివర చెయ్యి. చెరువులో పెంకు విసిరినట్టు, అన్నాడు. నాన్న అరిచిన అరుపులే ఇవి! ఖాసిం ఎవరికీ చెప్పలేదు. సారు పారేసిన వంకర స్టిక్ ఒకటి సరిచేసుకుని, కుడి చంకలో రుమాలు మడిచి పెట్టుకుని, తెల్లవారి ఎవరూ రాకముందు కొట్టుకున్నాడు. రెక్క లేస్తే రుమాలు కింద పడుతుంది. ఆరేళ్లు రుమాలు పడుతూనే ఉంది, అతను ఏరుకుంటూనే ఉన్నాడు. ఏడో ఏట పడడం మానేసింది. ఆ రోజు నాన్నకు చెప్పాలని ఇంటికి పరిగెత్తినంత పని చేశాడు. "ఒకసారి గ్రౌండుకి రా నాన్నా, నీకొకటి చూపిస్తా," అన్నాడు. "బంతులేరేది ఏం చూస్తారా?" అని కరీముల్లా పక్కకు తిరిగి పడుకున్నాడు.

అలాంటి చోటికి కూడా జమీరే రావాలా? షాపులోనూ వాడే, ఇక్కడా వాడేనా?

అక్కడితో ఆగినా బాగుండేది. రవి కుమార్ సారు జమీర్ భుజం తట్టి ఖాసిం వైపు తిరిగాడు. ఫ్యాక్టరీ ఒక మనిషిని హైదరాబాదు పంపి మూడు నెలలు ట్రైనింగ్ ఇప్పిస్తుంది, తిరిగొచ్చాక అతనే ఇక్కడ కోచ్. ఆ ఒక్క మనిషి ఖాసిమేనని నిన్నటిదాకా అందరూ అనుకున్నదే. భార్య షహనాజ్ అప్పుడే అతనికి రెండు కొత్త చొక్కాలు కూడా కుట్టించింది.

"నెలాఖరు ఆదివారం ఇద్దరూ కొట్టండి," అన్నాడు సారు. "ఎవరు బాగా కొడితే వాళ్లు వెళ్తారు. మరి జమీర్ కొత్తవాడు కదా, న్యాయంగా ఉండాలి. ఈలోపు నువ్వే వాడికి నాలుగు మెలకువలు చెప్పవయ్యా ఖాసిం."

"అట్టాగే సార్," అన్నాడు ఖాసిం. పళ్లు నవ్వాయి గానీ కళ్లు నవ్వలేదు.

మర్నాడు అయిదింటికల్లా జమీర్ స్నానం చేసి, తల దువ్వుకుని, బడికి వచ్చినట్టు వచ్చాడు. "చెప్పు భాయ్," అని ఎదురుగా నిలబడ్డాడు. పాపం, మనిషిలో ఇసుమంత కపటం లేదు. అదే ఖాసింకి మరీ ఒళ్లు మండించింది. వాడు కాస్త పొగరుగా ఉన్నా తిట్టుకోవడానికి ఒక వంక దొరికేది.

"జమీరూ, నిన్న నువ్వు కొట్టింది ఏందో గుడ్డి దెబ్బ," అన్నాడు ఖాసిం. "ఒకసారి పోయింది గదా అని రోజూ పోదు. ఇది సమ్మెట కాదు. దీని లెక్క వేరు."

"అవునా భాయ్? మరెట్టా?"

ఆ క్షణాన నిజం నాలుక చివరనే ఉంది. నువ్వు కొట్టినట్టే కొట్టరా, ఏం మార్చకు, అంటే అయిపోయేది. ఖాసిం జమీర్ వెనక్కి వెళ్లి, వాడి కుడి మోచేతిని పట్టుకుని, డొక్క నుంచి విడదీసి పైకి లేపాడు.

"ఇదిగో, ఇట్టా. చెయ్యి దూరంగా పోవాల. ఎంత పైకి లేస్తే అంత బలం. కిందికొచ్చేటప్పుడు ముందు ఈ చెయ్యే రావాల, నడుము ఆగాల. తెలిసిందా?"

సుత్తి టక్‌మని తట్టినట్టే ఉంది జమీర్‌కి. అడగలేదు, ఆలోచించలేదు. ఉస్తాద్ కొడుకు చెప్పాడు, అంతే. చెయ్యి లేపి కొట్టాడు. బంతి ఎడమగా బయల్దేరి, గాలిలో మెలిక తిరిగి, కుడివైపు తుమ్మచెట్లలో పడింది. ఇంకొకటీ అక్కడే. పది బంతులకు తొమ్మిది తుమ్మల్లోనే.

"నాకు రావట్లేదు భాయ్," అన్నాడు జమీర్ చెమట తుడుచుకుంటూ.

"ఒక్క రోజులో వస్తదా? ఇంటి దగ్గర గూడా అనుకో. షాపులో ఖాళీ దొరికితే కడ్డీ పట్టుకుని ఇట్టాగే ఊపు. ఒంటికి పట్టాల."

ఒంటికి పట్టాలని చెప్పాడు చూడండి, అక్కడ చేశాడు అసలు తప్పు. అప్పుడు మాత్రం అది తప్పనిపించలేదు, తెలివనిపించింది. తుమ్మచెట్లలో బంతులు ఏరడానికి వెళ్తే ముళ్లు గుచ్చుకున్నాయి. అయినా ఖాసిం ఈల వేసుకుంటూ ఏరాడు.

మూడు వారాలు అలాగే నడిచింది. జమీర్ ఒక్క రోజు మానలేదు. ఇంటికొచ్చి ఖాసిం ఆ సంగతులు షహనాజ్‌కి వేషం కట్టినట్టు చేసి చూపించేవాడు, పడీ పడీ నవ్వేవాడు. ఆమె నవ్వలేదు. రొట్టె తిప్పుతూ మొగుడి మొహం వంక చూసింది.

"పదేళ్లుగా వాడి పేరెత్తితే చాలు ముడుచుకుపోయేవాడివి. ఇప్పుడు రోజూ వాడి కబుర్లే, అదీ నవ్వుకుంటా. నాకెందుకో బాగనిపించట్లా."

"ఏమే, మొగుడు నవ్వినా తప్పేనా?" అని ఖాసిం కసిరాడు.

పరీక్ష ఆదివారం. అంతకు ముందు గురువారం పొద్దున పదకొండు గంటలప్పుడు గ్రౌండులో ఉండగా షహనాజ్ ఫోను చేసింది. మాట సరిగా రావడం లేదు. ఏడుపులో ఖాసింకి అర్థమైంది రెండే మాటలు. మామ చెయ్యి. జమీర్ దెబ్బ.

మాచర్లలో కట్టు కట్టి నరసరావుపేట పంపించారు. ఖాసిం అక్కడి ఆస్పత్రికి చేరేసరికి ఆపరేషను అయిపోయింది. ఎడమచేతి రెండు వేళ్లు నలిగిపోయాయి, ఉంగరం వేలు సగం తీసేశారు. కరీముల్లా మత్తులో ఉన్నాడు. వరండాలో గోడకి ఆనుకుని జమీర్ నేల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా ఉస్తాద్ రక్తం. ఖాసింని చూడగానే లేచి, రెండు చేతులూ పట్టుకుని బావురుమన్నాడు.

"నాపరాళ్ల బండి భాయ్. పిన్ను కదలట్లా. ఉస్తాద్ తట్టాడు, నేను కొట్టా. చెయ్యి దానంతటదే లేచింది. ఇన్నాళ్లూ నువ్వు చెప్పిందే ఊపుతా ఉన్నా గదా, అదే వచ్చేసింది. నువ్వు మంచిగానే నేర్పావు, నాకే దీనికీ దానికీ తేడా తెలియలా. నా చేతికే బుద్ధి లేదు భాయ్."

ఖాసిం గుండెల్లో రాయి పడింది, నిజమే. కానీ ఆ రాయి కిందే ఇంకో మాట కూడా కదిలింది. ఆదివారం వీడు రాడు. ఆ మాట లోపల పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వేసినా సరే, నిజం మాత్రం చెప్పలేదు. జమీర్ భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకోరా, కావాలని చేశావా ఏంది," అన్నాడు. ఓదార్చాడండీ, మహానుభావుడు!

ఆదివారం జమీర్ రాలేదు. ఇక సమ్మెట కూడా పట్టనని చెప్పి, షాపు తాళాలు షహనాజ్ చేతిలో పెట్టి వెళ్లాడట. రవి కుమార్ సారు పదిహేను నిమిషాలు గేటు వైపు చూసి, "సరే, నువ్వు కొట్టు," అన్నాడు. ఖాసిం చంకలో రుమాలు పెట్టుకున్నాడు. పది బంతులు కొట్టాడు. తొమ్మిది తిన్నగా వెళ్లాయి, రుమాలు ఒక్కసారి కూడా పడలేదు. సారు చప్పట్లు కొట్టి, వచ్చే నెల ఒకటో తారీఖు బయల్దేరమన్నాడు. పదకొండేళ్ల కోరిక తీరినరోజు. ఏదీ, ఆ సంతోషం ఏదీ? ఎంత వెతుక్కున్నా లోపల దొరకలేదు. దొరక్కపోయినా దారిలో స్వీట్ల డబ్బా కొనుక్కుని ఇంటికి వెళ్లాడు.

కరీముల్లా అప్పటికి ఇంటికి వచ్చి రెండు రోజులైంది. మంచం మీద దిండుకి ఆనుకుని, కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఖాసిం డబ్బా తెరిచి ముందు పెట్టాడు.

"నన్నే పంపిస్తన్నారు నాన్నా. కోచ్‌గా."

కరీముల్లా స్వీటు ముట్టుకోలేదు. "జమీర్ కొట్టాడా?" అన్నాడు.

"రాలా."

"ఎట్టొస్తాడు?" ముసలాయన చాలాసేపు కట్టు వైపు చూసుకున్నాడు. "ఒరేయ్, దెబ్బ పడకముందే నేను చూశా. పదిహేనేళ్లు వాడి ముందు కడ్డీ పట్టుకున్నా. ఒక్కనాడు రెక్క లేవలా. బేస్తవారం లేచింది. చెయ్యి తీసుకునేంత టైము లేదు గానీ చూసేంత టైము ఉంది. ఆ రెక్క జమీర్‌ది కాదురా. నీది. అచ్చంగా నీది. పదిహేనేళ్ల కింద నా కళ్లారా చూసిన రెక్క నేను గుర్తుపట్టనా?"

ఖాసిం చేతిలోని డబ్బా మూత కింద పడింది.

"వాణ్ణి అడిగా, ఎవుడు నేర్పాడ్రా అని. చెప్పలా. నేనే తప్పు కొట్టా ఉస్తాద్ అంటాడు, అదొక్కటే మాట. నువ్వు చెప్తావా?"

దాచిందంతా అప్పుడు ఖాసిం నోట్లోంచి ఒక్కసారిగా బయటికొచ్చింది. "నేనే నేర్పా! నేనే! ఏం చెయ్యమంటావు నన్ను? పదిహేనేళ్లుగా నీకు వాడొక్కడే కనపడతాడు. అన్నం ముందు వాడే, నిద్రలో వాడే. నువ్వు లేపొద్దన్న రెక్కను నేను దించుకున్నా నాన్నా! చంకలో రుమాలు పెట్టుకుని ఆరేళ్లు పడ్డా. ఒక్కసారి, ఒక్కసారొచ్చి చూడమన్నా. వచ్చావా? వాడు మూడు బంతులు కొట్టేసరికి అదీ వాడిదే అయిపోయిందే!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. షహనాజ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"రాలా," అన్నాడు కరీముల్లా. గొంతులో కోపం లేదు. "రావాల్సింది. అది నా తప్పే. దానికి నా వేళ్లు పోయినాయనుకో, సరే, పోనీ. వాడి చెయ్యి ఎందుకు పాడుజేశావురా? వాడికున్నది అదొక్కటే గదా."

ఆ రాత్రి ఖాసిం అన్నం తినలేదు.

తెల్లవారగానే రవి కుమార్ సారుకి ఫోను చేశాడు. "సార్, నిన్నటి పరీక్ష చెల్లదు సార్. జమీర్‌కి నేను కావాలనే తప్పు నేర్పా. వాడి కొట్టుడు వాడికి తిరిగొచ్చాక చూడండి." "ఇంత పని చేస్తావనుకోలేదయ్యా," అన్నాడు సారు. "నెల రోజులు ఆగుతా. అప్పుడు ఇద్దరూ నా ముందు కొట్టాలి. నీ మాట మీద ఇంక ఏదీ వదలను." ఖాసిం సరేనన్నాడు. ఇంకేమంటాడు?

తొమ్మిదింటికి కమాన్ షాపు ముందు అదే నాపరాళ్ల లారీ జాకీ మీద నిలబడి ఉంది. నాలుగు రోజులుగా కదల్లేదు. డ్రైవరు గోల పెడుతున్నాడు. కరీముల్లా కబురు పంపి జమీర్‌ని పిలిపించాడు, తను కట్టు చేత్తో స్టూలు మీద కూర్చున్నాడు. జమీర్ వచ్చాడు గానీ సమ్మెట వైపు చూడలేదు. ఖాసిం తిన్నగా వాడి ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"జమీరూ, నువ్వు మొదటిరోజు కొట్టావు చూడు, అదే సరైంది. రెక్క లేపమని నేను అబద్ధం చెప్పా. నువ్వు గెలుస్తావని కుళ్లుకుని చెప్పా. ఉస్తాద్ వేళ్లు తీసింది నువ్వు కాదురా, నేను."

జమీర్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నల్లబడింది. ఖాసిం చొక్కా గుంజి పట్టుకుని లారీ చక్రానికేసి అదిమాడు. పదిహేనేళ్లు సమ్మెట పట్టిన చెయ్యి అది, చొక్కా గుండీలు రెండు తెగి పడ్డాయి.

"నాలుగు రోజులు నా చెయ్యి నేను నరుక్కుందామనుకున్నా తెలుసా? చెప్పేటోడివి ఆస్పత్రిలో చెప్పగూడదా? నా భుజం మీద చెయ్యేసి ఓదార్చావు గదరా!"

అంతవరకూ 'భాయ్' తప్ప ఇంకో మాట రాని నోట్లోంచి 'రా' వచ్చింది. కొడితే పడదామనే నిలబడ్డాడు ఖాసిం. జమీర్ కొట్టలేదు. చొక్కా వదిలేసి, అటు తిరిగి, మొహం మోచేత్తో తుడుచుకున్నాడు.

"అయిందా మీ పంచాయితీ?" అన్నాడు కరీముల్లా స్టూలు మీంచి. "పిన్ను ఇంకా అట్టాగే ఉంది. ఒకడు పట్టుకోవాల, ఒకడు కొట్టాల. ఈ చేత్తో నేను పట్టుకోలేను. జమీర్ సమ్మెట ముట్టనంటన్నాడు. మీరే తేల్చుకోండి."

జమీర్ కాసేపు లారీ వైపు, కాసేపు ఖాసిం వైపు చూశాడు. తర్వాత వెళ్లి ఉస్తాద్ కూర్చునే చోట గొంతుక్కూర్చున్నాడు. ఇనప కడ్డీ తీసుకుని పిన్నుకు ఆనించి ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. వేళ్లకీ కడ్డీ తలకీ మధ్య జానెడు కూడా లేదు.

"వద్దురా," అన్నాడు ఖాసిం. "నా వల్ల కాదు. నేను సమ్మెట పట్టి పదిహేనేళ్లయింది. వేరే ఎవరినన్నా పిలువు."

జమీర్ తలెత్తలేదు. కుడిచేత్తో సుత్తి తీసి కడ్డీ తల మీద ఒక్కసారి తట్టాడు. టక్. సుత్తి పక్కకు తీశాడు.

ఖాసిం వంగి సమ్మెట తీసుకున్నాడు. పిడి వాడి వాడి నున్నగా అయింది, జమీర్ అరచేతులు ఆనిన చోట నల్లగా ఉంది. నెల తర్వాత ఆ గ్రౌండులో ఎవరు గెలుస్తారో అతనికి తెలుసు. తన చేతికి ఎప్పటికీ రాని ఒడుపు జమీర్ చేతికి ఉంది, ఆ బంతి మళ్లీ క్వారీ గుంటలోనే పడుతుంది. అది తలుచుకుంటే కడుపులో ఆ మంట ఇప్పుడు కూడా రగిలింది. ఆరిపోయిందని అబద్ధమెందుకు చెప్పడం? ఆ మంట ఉండగానే జేబులోంచి రుమాలు తీశాడు, నాలుగు మడతలు పెట్టి కుడి చంకలో ఇరికించుకున్నాడు.

"రుమాలెందుకురా?" అన్నాడు కరీముల్లా.

"చూడు నాన్నా," అన్నాడు ఖాసిం.

కరీముల్లా స్టూలు కాస్త ముందుకు జరుపుకుని కూర్చున్నాడు. జమీర్ కళ్లు మూసుకోలేదు, ఖాసిం మోచేతినే చూస్తున్నాడు. ఖాసిం కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి సమ్మెట వెనక్కి తీసుకెళ్లాడు. ముందు కాలు, తర్వాత నడుము, చివరికి చెయ్యి. మోచెయ్యి డొక్కకు రాసుకుంటూ దిగింది. కడ్డీ తల మీద దెబ్బ ఖంగుమంది, పిన్ను వేలెడు కదిలింది.

రుమాలు చంకలోనే ఉంది. జమీర్ వేళ్లు అయిదూ కడ్డీ మీదే ఉన్నాయి. వాడు సుత్తి ఎత్తి మళ్లీ తట్టాడు.